ఫ్రిజ్ మీద సున్నా

"నా సీసాలో నికోటిన్ పోసిందెవరు?"

రేమండ్ ఆగ్డెన్ అరచేయి వంటింటి బల్ల మీద దబ్బున పడింది. ఖాళీ కప్పులు సాసర్లలో గలగలలాడాయి. ఆస్పత్రిలో ఉండడానికి సర్దుకున్న సంచీ జిప్పు కూడా తీయకుండా గుమ్మంలోనే పడి ఉంది. ఈపాటికి ఆపరేషన్ గదిలో మత్తులో ఉండాల్సిన మనిషి, మణికట్టుకి ఆస్పత్రి వాళ్ళు వేసిన పేరు పట్టీతో సహా ఇంట్లో నిలబడి అరుస్తున్నాడు.

బయట మాత్రం ఆక్రింగ్టన్ ఊళ్ళో రోజూ తెల్లవారినట్టే తెల్లవారింది. చెత్త లారీ సందులో మూలుగుతూ పోతోంది. పెరట్లో తీగ మీద దుప్పట్లు గాలికి ఊగుతున్నాయి. కెటిల్ మరిగి దానంతటదే ఆగిపోయింది. టీ పోయడానికి ఎవరూ కదల్లేదు.

జెనీన్ ఇంకా కోటు విప్పలేదు. కూతురు టిల్లీని బడి గేటు దగ్గర దింపుతుండగా తమ్ముడు క్రెయిగ్ ఫోన్ చేశాడు. "నాన్నకి ఆపరేషన్ చెయ్యకుండా వెనక్కి పంపేశారక్కా. ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. తొందరగా రా," అన్నాడు. అక్కణ్ణుంచి అటే పరిగెత్తుకొచ్చింది.

"అసలేం జరిగిందో మెల్లగా చెప్పు నాన్నా."

"మెల్లగానా? ఏడాదిన్నర ఎదురు చూశానే ఈ రోజు కోసం! పొద్దున్నే మూత్రం పట్టి ఇమ్మన్నారు. ఇచ్చాను. నర్సు అందులో కాగితం ముక్క ముంచింది. ముంచి నా మొహంలోకి చూసింది, కొట్లో చాక్లెట్ దొంగిలించిన పిల్లాణ్ణి చూసినట్టు. 'మీ ఒంట్లో నికోటిన్ ఉంది మిస్టర్ ఆగ్డెన్. నికోటిన్ ఉంటే వెన్నులో వేసిన ఎముక అతుక్కోదు. డాక్టరుగారు కత్తి పట్టరు,' అంది. పక్క మంచాల వాళ్ళంతా చెవులు రిక్కించుకుని వింటున్నారు!"

"ఒక్కటైనా కాల్చావా నాన్నా? ఆపరేషన్ భయంతో, క్లబ్బులో ఎవరైనా ఇస్తే..."

"టిల్లీ మీద ఒట్టు! సిగరెట్ ముట్టి రెండేళ్ళు. నికోటిన్ మానేసింది మొన్న వసంతంలో. అదిగో, కళ్ళు పెట్టుకుని చూడు!"

అతని వేలు ఫ్రిజ్ తలుపు వైపు తిరిగింది. దాని మీద టిల్లీ గీసిన పెద్ద సున్నా ఉంది. చుట్టూ సూర్యుడికి ఉన్నట్టు పసుప్పచ్చ కిరణాలు. మధ్యలో మీసాలతో నవ్వుతున్న తాత. ఆ ఇంట్లో పెళ్ళి ఫొటోకి కూడా అంత మంచి చోటు దొరకలేదు.

"డాక్టరుగారు పది గంటలకి కూర్చుని కొత్త జాబితా వేస్తారట," అన్నాడు క్రెయిగ్, తండ్రి ఊపిరి తీసుకునే సందులో. "ఈలోగా ఫోన్ చేసి, నాన్నకి తెలియకుండా ఎవరి వల్ల జరిగిందో చెబితే నాన్న స్థానం అట్టే పెడతారు. ఆరు వారాలాగి మళ్ళీ పరీక్ష చేస్తారు. చెప్పలేకపోతే వరుస చివరికి."

"వరుస చివరంటే ఇంకో రెండేళ్ళు," అన్నాడు రేమండ్. "ఇప్పటికే ఈ ఎడమ కాలు నా మాట వినడం మానేసింది. రెండేళ్ళకి అది ఉండి లాభమేంటి? కుర్చీలో తోసుకుంటూ తిప్పుతారా నన్ను?"

సింకు దగ్గర బ్రెండా వీపు తిప్పుకుని నిలబడి ఉంది. భర్త కేకల కింద ఆమె ఒక పళ్ళెం కడుగుతోంది. జెనీన్ వచ్చినప్పటి నుంచీ అదే పళ్ళెం.

రేమండ్ చూపు కూతురి మీద ఆగింది.

"ఆ సీసాలు ఈ ఇంట్లోకి మోసుకొచ్చేది నువ్వు."

జెనీన్ సీసాలుండే అర వైపు చూసింది.

తెచ్చేది ఆమే, నిజమే. బజారు వీధిలో సిగరెట్‌కి బదులు ఆవిరి పీల్చే వేప్‌లు అమ్మే కొట్లో కౌంటర్ వెనక ఆమె ఏళ్ళ తరబడి నిలబడుతోంది. గోడలకు ప్లాస్టరింగ్ చేసే రేమండ్ నలభై ఏళ్ళు సొంతంగా చుట్టుకున్న సిగరెట్లు కాల్చాడు. దగ్గి దగ్గి నీలం రంగుకి తిరిగిన రోజున వాడి పారేసే రంగురంగుల వేప్‌లకి మారాడు. వాటిని అమ్మకూడదని ప్రభుత్వం ఆపించేశాక, మళ్ళీ మళ్ళీ నింపుకునే రకం తెచ్చి చేతిలో పెట్టింది జెనీన్.

మొదట్లో ఎంత తిట్టుకున్నాడో! జేబులో కారి ప్యాంటు ముందు మరక పడితే క్లబ్బులో నెల రోజులు ఏడిపించారు. లోపల ద్రవాన్ని వేడెక్కించే కాయిల్ మాడితే అడుగంటిన పాలగిన్నె నాకినట్టుందనేవాడు. కొత్త కాయిల్ వేశాక లోపలి దూది తడిసేదాకా ఆగమంటే ఆగేవాడు కాదు, మళ్ళీ మాడ్చేవాడు. నింపే రంధ్రం చీమ దూరేంత. ప్లాస్టరింగ్ చేసి చేసి బిరుసెక్కిన ఆ వేళ్ళకి అది పట్టుబడేది కాదు. "సిగరెట్‌కి అగ్గిపుల్ల చాలు. దీనికి తీగ కావాలి, సీసా కావాలి, ఓపిక కావాలి, చివరికి పెళ్ళాం కూడా కావాలి!" అని అరిచి, నింపే పని బ్రెండా మీద పడేశాడు. అప్పటి నుంచి సాయంత్రం టీ తర్వాత దాన్ని కడిగి, నింపి, చార్జింగ్‌కి పెట్టడం ఆమె వంతు.

కానీ మేలు కూడా కళ్ళకి కనిపించింది. రాత్రి దగ్గు తగ్గింది. ఖర్చు తగ్గింది. బ్యాటరీలతో నిండిన చెత్తబుట్ట ఖాళీ అయింది. అన్నిటినీ మించి, నికోటిన్ ఎంత ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు. జెనీన్ నెల నెలా కొంచెం కొంచెం తగ్గిస్తూ తండ్రిని మెట్లు దింపినట్టు దింపింది. చివరి మెట్టు సున్నా. ఆ రోజు రేమండ్ క్లబ్బులో అందరికీ బీరు పోయించాడు.

"నేను తెచ్చేది నికోటిన్ లేని సీసా నాన్నా. నీకు తెలుసు."

"నాకేం తెలుసు? నాకు కనిపించేది నీళ్ళలాంటి నీళ్ళు. కొట్లో ఫోన్ చూసుకుంటూ ఏదో ఒకటి సంచిలో పడేసి ఉంటావు."

"ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకోను! కౌంటర్ వెనక నుంచుని ఊరందరికీ సలహాలిస్తావు. కన్న తండ్రి కాలు తీసేశావు. ఈ ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి పో. పో ఇక్కణ్ణుంచి!"

"నాన్నా, మరీ..." అన్నాడు క్రెయిగ్.

"నువ్వు నోర్ముయ్! విడాకులై వచ్చి నా మీద పడి తినేవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

జెనీన్ తల్లి వైపు చూసింది. అమ్మ తిరుగుతుంది, ఒక్క మాట అంటుంది అనుకుంది. బ్రెండా వీపు కదల్లేదు. కుళాయి మాత్రం ఇంకాస్త పెద్దగా తిరిగింది.

జెనీన్ తాళాల గుత్తిలోంచి ఆ ఇంటి తాళంచెవి లాగింది. లాగుతుంటే గోరు విరిగింది. చెవిని బల్ల మీదకి విసిరేసింది. "సరే. నా సీసా కూడా నేను తీసుకుపోతాను. మా కొట్లో చూపిస్తాను. తప్పు నాదైతే ఉద్యోగం మానేస్తాను. నాది కాకపోతే నువ్వు కాళ్ళ మీద పడ్డా ఈ గడప తొక్కను."

అరలోంచి సీసా అందుకుంది. గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది.

సీసాని వెలుతురుకి పట్టి చూసింది.

"ఏమైందక్కా?" అన్నాడు క్రెయిగ్.

"ఇది నేను ఆదివారం తెచ్చిన సీసా. భోజనాల దగ్గర సీలు నీ ముందే తెంపాను. గుర్తుందా?"

"ఆఁ, గుర్తుంది. పుడ్డింగ్ తినే ముందు."

"అప్పుడు ద్రవం ఎక్కడిదాకా ఉంది?"

క్రెయిగ్ భుజాలు ఎగరేశాడు. కానీ జెనీన్‌కి అతను చెప్పక్కర్లేదు. నికోటిన్ కలిసిన ద్రవాన్ని చిటికెన వేలంత బుడ్డీల్లో తప్ప అమ్మకూడదని చట్టం. అందుకని కొట్లలో నికోటిన్ లేని పెద్ద సీసాలు పెడతారు. వాటిని కావాలనే పూర్తిగా నింపరు, మెడ కింద ఖాళీ వదులుతారు. కావాల్సిన వాళ్ళు నికోటిన్ బుడ్డి విడిగా కొని, ఇంటికెళ్ళి ఆ ఖాళీలో పోసి, కుదిపి వాడుకుంటారు. అక్కర్లేని వాళ్ళు అలాగే వాడుకుంటారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే, ఆ ఖాళీలో తప్ప.

"ఆదివారం నుంచి రోజూ ఇందులోంచే నింపుతున్నారు. సీసా తగ్గాలి కదా?" అంది జెనీన్. "చూడండి. మెడ దాకా ఉంది. నేను తెచ్చినప్పటి కంటే నిండుగా ఉంది!"

సింకు దగ్గర కుళాయి ఆగింది.

"అంటే?" అన్నాడు రేమండ్.

"అంటే పొరపాటు కాదు నాన్నా. కొట్లో మారిపోలేదు. ఈ ఇంట్లో, ఆదివారం తర్వాత, ఎవరో చేత్తో పోశారు."

రేమండ్ నెమ్మదిగా కొడుకు వైపు తిరిగాడు. ఆ చూపుకి క్రెయిగ్ కుర్చీ వెనక్కి జరిగింది.

"నన్నెందుకు చూస్తావు?"

"ఈ ఇంట్లో నికోటిన్ తాగేది నువ్వొక్కడివేగా. ఒకే అరలో రెండు సీసాలు. తాగొచ్చి చీకట్లో నా దాంట్లో పోసి ఉంటావు, వెధవా!"

"తాగొచ్చి నా ప్యాంటు నేనే విప్పుకోలేను, నీ సీసా మూత విప్పుతానా?" అంటూ క్రెయిగ్ తన సీసా తెచ్చి బల్ల మీద కొట్టాడు. "ఇదిగో నాది. వాసన చూడు, మామిడిపండు. నీది పుదీనా. ఇంకో సంగతి, ఈ సీసా నోటికి గట్టి ముక్కు ఉంటుంది. అది పీకితే గాని బుడ్డి పోయలేం. నేను పళ్ళతో పీకుతాను. చూడక్కా, కుక్క నమిలినట్టుందా లేదా?"

జెనీన్ రెండు సీసాల మూతలూ తిప్పింది. క్రెయిగ్ సీసా ముక్కు నిజంగానే కుక్క నమిలినట్టుంది. తండ్రి సీసా ముక్కు శుభ్రంగా ఉంది. ఒక పక్కన మాత్రం సన్నటి గాటు, ఏటవాలుగా. కత్తి మొనతో అలా పడదు, జారుతుంది. ఏదో కురచగా, వంపు తిరిగి, చేతికి బాగా అలవాటైన పనిముట్టు.

ఆమె చూపు గోడ మేకు మీద పడింది. అక్కడ వేలాడుతోంది బంగాళాదుంపల తొక్క తీసే చాకు, మొన దగ్గర చిన్న కొక్కెంతో.

అప్పుడే కిటికీ అద్దం మీద టపటపమంటూ చినుకులు పడ్డాయి.

ఆ వీధిలో వాన చుక్క పడితే ప్రతి ఇంటి పెరటి తలుపూ ఒక్కసారే తెరుచుకుంటుంది. బ్రెండా అయితే మరీను. పొయ్యి మీద ఏది మాడినా సరే, ముందు దుప్పట్లు లోపలికి రావాల్సిందే. టిల్లీ పుట్టిందని ఫోన్ వచ్చినప్పుడు కూడా "ఆగండి, బట్టలు తీసొస్తాను" అన్న మనిషి. ఆ బ్రెండా ఇప్పుడు సింకు అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, బట్టలు," అంది జెనీన్.

"తడవనీ."

"తడవనీయా?"

"నేను తీస్తాన్లే. నువ్వు కూర్చో. తర్వాత తీస్తాను."

జెనీన్ కూర్చోలేదు. పెరటి తలుపు తోసుకుని వానలోకి వెళ్ళింది. వెనక నుంచి "జెనీన్! వదిలెయ్యమన్నానా!" అని తల్లి కేక వినిపించింది. జెనీన్ దుప్పటి క్లిప్పులు పీకి, తీగకి వేలాడుతున్న గుడ్డ సంచిలో పడేసింది. అందులో టక్ మని చప్పుడైంది, చెక్క క్లిప్పు మీద చెక్క క్లిప్పు పడ్డ చప్పుడు కాదది. ఆమె చెయ్యి సంచి అడుగుదాకా పోయింది.

తిరిగి వచ్చేసరికి జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుంది. దుప్పట్లు పెరట్లోనే వదిలేసింది. ఆ గుడ్డ సంచీని బల్ల మీద బోర్లించింది. క్లిప్పుల మధ్యలోంచి ఖాళీ నికోటిన్ బుడ్డీలు దొర్లాయి. ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి రేమండ్ చేతికి తగిలి ఆగింది.

"ఈ రకం మా కొట్లో ఉండదు," అంది జెనీన్. "పైకప్పు ఉన్న మార్కెట్లో, జున్ను అమ్మే ఆవిడ పక్కన స్టాలు ఉంది చూడు, అక్కడ ఉంటుంది. ప్రతి గురువారం జున్ను కొనడానికి ఎవరెళతారు నాన్నా ఈ ఇంట్లోంచి?"

రేమండ్ భార్య వైపు చూశాడు.

"అమ్మా," అంది జెనీన్. ఇప్పుడామె గొంతు పెద్దగా లేదు, అందుకే మరీ భయపెట్టేలా ఉంది. "నువ్వు పోశావు. సరే. ఎందుకు పోశావో తర్వాత. నాన్న నన్ను తాళంచెవి పెట్టి పొమ్మన్నప్పుడు నీ వీపు చూశాను నేను. నువ్వు తిరగలేదు. పళ్ళెం కడుగుతున్నావు. నన్ను పోనిచ్చేదానివా అమ్మా? నిజంగా పోనిచ్చేదానివా?"

బ్రెండా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. మొదట ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి. తర్వాత తిరిగింది.

"పోనిచ్చేదాన్నేమో," అంది. "తెలీదు. పిరికిదాన్ని నేను. నలభై ఏళ్ళుగా ఈ వంటింట్లో అరిచేది ఒక్కరే. మిగతా వాళ్ళం పళ్ళాలు కడుగుతాం."

"ఏంటే నువ్వనేది?" అన్నాడు రేమండ్.

"ఇవాళ నువ్వు అరవకు రేమండ్! ఇవాళ నా వంతు!" ఆ కేకకి క్రెయిగ్ ఉలిక్కిపడ్డాడు. అమ్మ గొంతు అంత పైకి వెళ్తుందని వాడికి తెలీదు. "నీకు సున్నా కనిపించింది. క్లబ్బు వాళ్ళకి సున్నా కనిపించింది. నాకేం కనిపించిందో చెప్పనా? గ్రేవీ గిన్నె ఆ గోడకి తగిలి పగలడం కనిపించింది. దుంపలు సరిగా ఉడకలేదని! క్రెయిగ్, ఆ గోడకి రంగు వేయించింది చెమ్మ పట్టిందని కాదు. పడగ్గది తలుపుకి పగులు నువ్వు మంచం జరిపినప్పుడు పడింది కాదు. తన్నాడు. నికోటిన్ ఒంట్లోంచి పోతుంటే మనిషి మనిషి కాదు. 'నెల రోజులాగు, తగ్గిపోతుంది' అన్నావు నువ్వు జెనీన్. నీ కొట్లో అందరికీ చెప్పినట్టే చెప్పావు. ఆ నెల రోజులూ ఈ ఇంట్లో ఉన్నది నువ్వు కాదు, నేను!"

"నాతో చెప్పాల్సింది."

"చెబితే టిల్లీని పంపేదానివా?"

జెనీన్ ఒక అడుగు ముందుకి వేసింది. "టిల్లీకేం సంబంధం?"

బ్రెండా సమాధానం చెప్పే ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఓ శనివారం నువ్వు పనిలో ఉన్నావు. తింటూ తింటూ చెంచా కింద పడేసింది. అంతే. ఈయన బల్ల మీద కొట్టాడు, ఇందాక కొట్టినట్టే. ఏదేదో అరిచాడు. పిల్ల ఏడవలేదు. లేచి వెళ్ళి మెట్ల కింద చీపుర్లు పెట్టే అరలో దూరి తలుపు వేసుకుంది. నేను వెళ్ళి చూస్తే చీకట్లో బూట్లు తొడుక్కుని కూర్చుంది. 'అమ్మ రాగానే వెళ్ళిపోవడానికి' అంది. లేసులు తప్పుగా కట్టుకుంది పాపం. కడుపు నొప్పి అని నీతో చెప్పింది నేనే."

జెనీన్‌కి గుర్తొచ్చింది. ఆ నెలంతా ప్రతి శనివారం పొద్దున్నే అదే గొడవ. "ఇవాళ అమ్మమ్మ వాళ్ళింటికి వద్దు." తనేమో పనికి ఆలస్యమవుతోందని విసుక్కుంటూ చెయ్యి పట్టి లాక్కొచ్చి ఇక్కడే దింపి వెళ్ళింది.

"ఆ గురువారమే మార్కెట్లో బుడ్డి కొన్నాను," అంది బ్రెండా. "నింపేది నేనే, ఎవరికి తెలుస్తుంది? వారం తిరక్కుండా ఈయన అంట్లు తుడుస్తూ పాట పాడాడు. టిల్లీని వీపు మీద ఎక్కించుకోబోయి నడుం పట్టేస్తే, ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ సున్నా అప్పుడు గీసింది. 'అమ్మమ్మా, నువ్వు అంటించు' అని నా చేతికే ఇచ్చింది. నా చేత్తోనే అంటించాను, అది అబద్ధమని తెలిసే."

"ఆపరేషన్ ఉందని తెలుసు కదా అమ్మా!" అన్నాడు క్రెయిగ్.

"పొగ గురించే అడుగుతారనుకున్నాను. ఇది పొగ కాదుగా, ఆవిరి కదా అనుకున్నాను. అయినా తగ్గిస్తూనే వచ్చాను, జెనీన్ తగ్గించినట్టే. ఆదివారం సాయంత్రం అక్క వెళ్ళాక, నువ్వూ బయటికి పోయాక మళ్ళీ తలుపులు తన్నడం మొదలెట్టాడు, ఆపరేషన్ భయంతో. నాకు ఆ అర గుర్తొచ్చింది. ఆ బూట్లు గుర్తొచ్చాయి. బుడ్డి మొత్తం పోసేశాను." ఆమె భర్త వైపు తల ఎత్తింది. "తప్పే రేమండ్. నీ కాలు తీసేశాను. కూతురి మీద పడుతుంటే నోరు మూసుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు. తిట్టు. కొట్టు. కానీ ఆ ఒక్క నెల మాత్రం మళ్ళీ నా చేత భరించమనకు."

రేమండ్ తిట్టలేదు. బల్ల మీద ఆగిన ఆ బుడ్డీని వేళ్ళతో అటూ ఇటూ దొర్లించాడు.

"బూట్లు తొడుక్కుందా?" అన్నాడు చివరికి.

బ్రెండా తలూపింది.

"నేను... అది మర్చిపోయిందనుకున్నాను. చెంచా సంగతి. పిల్లలు మర్చిపోతారు కదా అనుకున్నాను." "అర తలుపు తీసి చూడలేదు నేను. టీవీ పెట్టుకున్నాను."

అతను లేచాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఫ్రిజ్ దగ్గరకి వెళ్ళాడు. ఆ సున్నా అంచులు చిరక్కుండా నెమ్మదిగా ఒలిచి తీసి, బల్ల మీద తన ముందు పరుచుకున్నాడు. తర్వాత జెనీన్ వంక చూడకుండానే అన్నాడు, "ఆ దిక్కుమాలిన దాన్ని నింపడం నాకు నేర్పు. ఎంతసేపైనా సరే. కారితే కారనీ. ఇక మీద ఎవరి చేతా నింపించుకోను."

జెనీన్ కోపం చల్లారలేదు. తల్లి మీదా ఉంది, తండ్రి మీదా ఉంది, ఆ శనివారాల వల్ల తన మీద తనకీ ఉంది. ఇంత కోపం ఎక్కడ దించాలో తెలియక బల్ల మీది తడి క్లిప్పులు ఒక్కొక్కటే ఏరి వరసగా పెడుతోంది.

"పదవుతోంది," అన్నాడు క్రెయిగ్ మెల్లగా.

రేమండ్ ఫోన్ బల్ల మీద పెట్టి, అవతలి గొంతు అందరికీ వినిపించేలా స్పీకర్ నొక్కాడు. రెండు మోతలకే పొద్దుటి నర్సు ఎత్తింది.

"మిస్టర్ ఆగ్డెన్! మీ కోసమే చూస్తున్నాను. ఏమైనా తేలిందా?"

"తేలింది."

"నేను చెబుతాను, ఇవ్వు," అంటూ బ్రెండా ఫోన్ వైపు చెయ్యి చాచింది.

"ముందొక మాట చెప్పాలండీ," అంది నర్సు. "మీకు తెలియకుండా ఇంట్లో ఎవరైనా ఇచ్చారంటే మీ స్థానం ఎక్కడికీ పోదు, డాక్టరుగారు మాటిచ్చారు. కానీ ఆ మనిషి పేరు నేను రాయాలి. మనిషికి తెలియకుండా ఒంట్లోకి ఏదైనా పంపితే ఊరి కౌన్సిల్ అధికారులకి చెప్పడం మా విధి. వాళ్ళు ఇంటికొచ్చి విచారిస్తారు. తప్పదు."

జెనీన్ నాలుక చివర ఆ పేరుంది. రెండు మాటలు చాలు, నాన్న కాలు నిలుస్తుంది. ఇందాక నువ్వు తిరగలేదు కదా అమ్మా, అనుకుంది. తల్లి మొహం చూసింది. ఆ మొహంలో తప్పించుకునే ఆలోచన లేదు. చాచిన చెయ్యి అలాగే ఉంది, వేళ్ళకి సబ్బు నురగ ఇంకా ఆరలేదు. జెనీన్ పెదవులు బిగించుకుంది.

"అవునమ్మా, నా పేరు..." అంటూ బ్రెండా ముందుకి వంగింది.

రేమండ్ అరచేయి పైకి లేచింది. బల్ల మీద పడ్డప్పుడల్లా కప్పుల్ని గలగలలాడించే అరచేయి. అది వచ్చి బ్రెండా చేతి మీద వాలింది. చప్పుడు కాలేదు.

"నా వల్ల జరిగింది," అన్నాడు.

"మీకు తెలిసే జరిగిందంటారా?"

"తెలిసి ఉండాల్సింది."

"అలా అయితే వరుస చివరికి వెళతారండీ. రెండేళ్ళు పట్టొచ్చు. అర్థమవుతోందా?"

"రేమండ్, వద్దు," అంది బ్రెండా. ఆమె కన్నీళ్ళు అతని చేతి మీద పడుతున్నాయి. "వద్దు రేమండ్, నీ కాలు..."

"అర్థమవుతోంది," అన్నాడు రేమండ్ ఫోన్‌తో. రెండో చేత్తో బల్ల మీద పడి ఉన్న తాళంచెవిని వెతికి పట్టుకున్నాడు. క్లిప్పుల మధ్యలోంచి, సున్నా మీదుగా, దాన్ని మెల్లగా జెనీన్ వైపు తోశాడు. అది ఆమె విరిగిన గోటికి తగిలి ఆగింది. జెనీన్ కాసేపు దాన్ని చూసింది. తర్వాత గుప్పిట మూసింది. అప్పటిదాకా కన్నీళ్ళు ఎక్కడ ఆగాయో, కళ్ళు ఒక్కసారిగా మసకబారాయి.

"అయితే కారకులు అన్న చోట ఎవరి పేరు రాయమంటారు?" అంది నర్సు.

రేమండ్ గొంతు సవరించుకున్నాడు. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి, ఒక ప్రశ్నకి అతను అరవకుండా జవాబు చెప్పాడు.

"రాసుకోండి. రేమండ్ ఆగ్డెన్."